విప్పే క్రమమే మొదటి డ్రాయింగు: గోదావరి డెల్టాలో తాత్కాలిక కట్టడాలు కట్టబోయే ఆర్కిటెక్చర్ విద్యార్థులకు

పంటు (మనుషులనూ బండ్లనూ ఏరు దాటించే పడవ) రేవు దగ్గరో, వారపు సంత జరిగే ఖాళీ స్థలంలోనో, చెరువు గట్టునో పది పదిహేను రోజులు నిలిచే కట్టడం ఒకటి కట్టాలనుకున్న విద్యార్థులు సాధారణంగా ముందుగా గీసేది దాని ఆకారాన్ని. నేను ముందుగా గీయించేది దాన్ని విప్పే క్రమాన్ని. ఏ కర్ర మొదట దిగుతుంది, దాన్ని ఎందరు పట్టుకోవాలి, దించిన కర్రలను ఏ పక్కన పేర్చాలి, బండి ఎక్కడిదాకా వస్తుంది, ఆ కర్రలు తర్వాత ఎవరికి పనికొస్తాయి, చివరి రోజు సాయంత్రానికి నేల ఎలా ఉండాలి అన్నవి కాగితం మీద బొమ్మలుగా వేసిన తర్వాతే మిగతా డిజైను మొదలుపెట్టమంటాను. విప్పే క్రమం తేలితే కట్టు ఏ రకంగా ఉండాలో, కర్రను కోయాలో అక్కర్లేదో, పునాదికి నేల తవ్వాలో బరువులు పెట్టాలో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. విద్యార్థులకు మొదట్లో ఇది చప్పగా అనిపిస్తుంది. మేకులు కొట్టిన వెదురును విప్పబోయి నిలువునా చీల్చుకున్న తర్వాత అలా అనిపించదు.

ఈ విద్యలో ఆరితేరినవారు డెల్టాలోనే ఉన్నారు కనుక పుస్తకాల కంటే ముందు వారి దగ్గరికి వెళ్లాలి. ఏటా కనుమ నాడు అంబాజీపేట దగ్గరి జగ్గన్నతోటకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి తరలివచ్చే ఏకాదశ రుద్రుల ప్రభలు, నిర్మాణం చదివే కళ్లతో చూస్తే, మనుషుల భుజాల మీద నడిచే తాత్కాలిక కట్టడాలు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీలో కనిపించింది ఈ ప్రభల తీర్థమే. అంత ఎత్తు చట్రం వరిచేల గట్లు ఎక్కి దిగుతుంది, కొన్ని ప్రభలైతే కౌశిక కాలువ నీళ్లలోకి కూడా దిగుతాయి, మోసేవారిలో ఒకరి భుజం ఎగువై మరొకరిది పల్లమైన ప్రతిసారీ చట్రం అటూ ఇటూ ఊగుతుంది, అయినా విడిపోదు. తాడుతో వేసిన కట్టు కొద్దిగా జరిగి మళ్లీ సర్దుకుంటుంది. అదే బోల్టు బిగించిన చోట ఆ జరుగుడంతా వెదురు గోడ మీద పడి, గోడ పగులుతుంది. సంక్రాంతికి ముందు ప్రభ కట్టే ఊరికి వెళ్లి, పెద్దలను అడిగి, చెప్పులు విడిచి, ఒక పూట కూర్చుని చూడండి.

కాలం, పంచాంగం

డెల్టాలో ఏడాదిలో ఎక్కువ భాగం ఈ పనికి అనుకూలం కాదు. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరద కాలం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక వచ్చే సమయానికే పల్లపు రేవులూ నది మధ్య లంకలకు వెళ్లే దారులూ మునిగి ఉండవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు సగం దాకా తుపాన్ల భయం ఉంటుంది. 1996 నవంబరు తుపానును కోనసీమ కొబ్బరి రైతులు ఇప్పటికీ తేదీతో సహా చెబుతారు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి ఈదురుగాలులు లేస్తాయి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది జనవరి నుంచి మార్చి దాకా.

పంచాంగం కూడా చూడాలి, శుభముహూర్తం కోసం కాదు. మాఘం వచ్చిందంటే పెళ్లిళ్లు మొదలవుతాయి. ఆ రోజుల్లో పందిరి వేసే మేస్త్రీ దొరకడు, అద్దె కర్రలు దొరకవు, బండ్లూ దొరకవు. దానికి ముందుండే పుష్యం శూన్యమాసం, పెళ్లిళ్లు జరగవు. ఇంచుమించు జనవరిలో పడే ఆ నెలలో మేస్త్రీలకు తీరిక ఉంటుంది, మీకు నేర్పే ఓపికా ఉంటుంది. కళాశాల టైంటేబులు దీనికి సరిపోకపోతే టైంటేబులునే కాస్త జరపమని విభాగాన్ని అడగడం మంచిది.

ఎండాకాలంలో కాలువలకు నీళ్లు కట్టేస్తారు కాబట్టి గట్ల మీద కట్టడానికి అదే అదను అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కాలువ కట్టేసిన ఆ కొద్ది వారాల్లోనే పూడికతీతకూ మరమ్మతులకూ యంత్రాలు అదే గట్టు మీద తిరుగుతుంటాయని వారికి చెప్పండి.

స్థలం ఎవరిది

ఒక స్థలం నచ్చగానే కొలతల టేపు తీయకూడదు. తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం, రాత్రి ఎనిమిది తర్వాత, కనీసం రెండు రోజులు అక్కడ కూర్చుని ఎవరు ఏం చేస్తున్నారో రాసుకోవాలి. పగలంతా ఖాళీగా కనిపించిన చోట తెల్లవారుజామున చేపల తట్టలు దిగవచ్చు, కోతల కాలంలో ధాన్యం ఆరబోయవచ్చు, వలలు పరచవచ్చు. ధవళేశ్వరానికి దిగువన, పాయలు సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ నీటికి పోటూ పాటూ ఉంటాయి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు తిరిగే రేవులో మధ్యాహ్నం పొడిగా చూసిన చోట రాత్రికి నీళ్లు నిలవవచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ కనుక ఆ రోజుల్లో ఒకసారి చూడకుండా రేవులో స్థలం ఖాయం చేయవద్దు.

తర్వాత ఆ నేల ఏ శాఖదో తెలుసుకోవాలి. కాలువ గట్టు జలవనరుల శాఖది, పెద్ద రోడ్డు అంచు రోడ్లు భవనాల శాఖది, ఊరి మధ్య ఖాళీ స్థలం పంచాయతీదో పురపాలక సంఘానిదో, గుడి మాన్యమైతే దేవాదాయ శాఖది. ఈ విషయంలో నేనే ఒకసారి తప్పు చేశాను. ఒక ఊళ్లో పంచాయతీ తీర్మానం చేతిలో పట్టుకుని ధీమాగా గట్టు మీద కట్టించాను. ఆ గట్టు పంచాయతీది కాదని రెండో రోజు సాయంత్రం తెలిసింది, చీకటి పడే లోపు మొత్తం విప్పించాల్సి వచ్చింది. విప్పే డ్రాయింగు సిద్ధంగా ఉండబట్టి గంటన్నరలో పని పూర్తయింది. ఈ వ్యాసం మొదటి పేరాలో చెప్పిన అలవాటు నాకు స్థిరపడింది ఆ రోజు నుంచే.

అర్జీలో కట్టడం పొడవు, వెడల్పు, ఎత్తు, ఒకేసారి లోపల ఎందరుంటారు, ఏ తేదీన మొదలై ఏ తేదీ సాయంత్రానికి నేల ఖాళీ అవుతుంది, రాత్రి కాపలా ఎవరు, బాధ్యత వహించే అధ్యాపకుడు ఎవరు అన్నవి ఒకే పేజీలో రాసి, చేతితో గీసిన బొమ్మను జతచేయండి. అధికారులు త్రీడీ చిత్రాల కంటే ఖాళీ చేసే తేదీని శ్రద్ధగా చదువుతారు. నకలు మీద ముద్ర వేయించుకోవడం మరచిపోవద్దు. పోలీస్ స్టేషన్‌లోనూ అగ్నిమాపక కేంద్రంలోనూ ఒక్కో నకలు ఇవ్వాలి. కరెంటు తీగల కింద ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టకూడదు. పక్కగా తీగ ఉన్నా ఊరి లైన్‌మన్‌ను పిలిచి చూపించి, పొడవాటి కర్ర నిలబెట్టేటప్పుడు అది పక్కకు ఒరిగినా తీగను తాకనంత దూరం ఉందని తేల్చుకున్నాకే మొదలుపెట్టాలి.

నేల, గాలి

విద్యార్థులు పునాది అనగానే కట్టడం కుంగకుండా ఆపేది అనుకుంటారు. పందిరి బరువు తక్కువ. దాని అసలు గండం కుంగడం కాదు, ఎగిరిపోవడం. లెక్క చాలా సులభం, కాగితం కూడా అక్కర్లేదు. గంటకు 72 కిలోమీటర్ల ఈదురుగాలి అంటే సెకనుకు 20 మీటర్లు. 20ని 20తో గుణించి, వచ్చినదాన్ని 0.6తో గుణిస్తే 240. అంటే చదరపు మీటరుకు 240 న్యూటన్లు, సుమారు 24 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి. పైకప్పు 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉండి, గాలి దాన్ని పూర్తి ఒత్తిడితో పైకి లేపుతుందనుకుంటే 20 చదరపు మీటర్లకు 480 కిలోలు. సిమెంటు సంచిలో ఇసుక నింపితే దాదాపు 50 కిలోలు తూగుతుంది. కాబట్టి పది సంచులు ఆ గాలికి సరిసమానం మాత్రమే. ఒకటిన్నర రెట్ల భద్రత కావాలంటే పదిహేను సంచులు. నా విద్యార్థులు మొదటిసారి అంచనాగా తెచ్చిన సంచులు నాలుగు, కాలికి ఒకటి చొప్పున.

ఇదే లెక్క తుపానుకు వేసి చూడండి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగం మన కోస్తాకు ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. తాత్కాలిక నిర్మాణాలకు అది అనుమతించే తగ్గింపును వాడి 35 మీటర్లుగా తీసుకున్నా చదరపు మీటరుకు 75 కిలోల దాకా వస్తుంది, మన చిన్న పైకప్పు మీద ఒకటిన్నర టన్నులు. ఇసుక సంచులతో నిలిపిన వెదురు పందిరి దీనికి ఆగుతుందని ఎవరూ సంతకం చేయకూడదు. అందుకే వాతావరణ శాఖ హెచ్చరికను బట్టి పైకప్పు దించేయడం డిజైనులోనే భాగం కావాలి: గుడ్డను కానీ తడికలను కానీ నలుగురు మనుషులు పావుగంటలో, నిచ్చెన మీద చివరి మెట్టు దాకా ఎక్కనవసరం లేకుండా విప్పగలగాలి. గాలి దూసుకుపోయే ఉట్టి చట్రం మీద పడే బలం చాలా తక్కువ.

ఇక తవ్వడం గురించి. కాలువ గట్టును గునపంతో ముట్టుకోవద్దు. గట్టు పైన చేసిన గుంత పూడ్చినట్టే కనిపించి, లోపల వదులుగా ఉండిపోయి, నీరు ఊరడానికి దారి ఇస్తుంది. గండి పడితే మునిగేది చేలు. సిమెంటు ఘాట్ల మీద తవ్వడం ఎలాగూ కుదరదు. ఇలాంటి చోట్ల కర్రల కాళ్లను అడుగున పలకల చట్రానికి కట్టి, ఆ చట్రం మీద సంచులు పేర్చాలి. 1995 కోబే భూకంపం తర్వాత జపాన్ ఆర్కిటెక్టు షిగేరు బాన్ నిరాశ్రయులకు కాగితపు గొట్టాలతో కట్టిన ఇళ్లకు ఇసుక సంచులు నింపిన బీరు పెట్టెలే పునాదులు. మన దగ్గర శీతల పానీయాల ప్లాస్టిక్ పెట్టెలూ, కూరగాయల మార్కెట్ పెట్టెలూ అద్దెకు దొరుకుతాయి. రాట పాతడానికి అనుమతి ఉన్న నేల అయితే కర్ర పొడవులో అయిదో వంతుకు తగ్గకుండా పాతి, చుట్టూ ఇటుక ముక్కలు దట్టించాలి. డెల్టా నల్లమట్టి ఎండలో రాయిలా ఉండి, చిన్న జల్లు పడ్డాక పట్టు వదులుతుంది. కాబట్టి ప్రతి ఉదయం ప్రతి రాటనూ చేత్తో ఊపి చూసే పని ఒకరికి అప్పగించాలి.

కర్ర, తాడు

నిలువు రాటలకు సరుగుడు, పై చట్రానికి వెదురు, కప్పుకు కొబ్బరాకు తడికలు లేదా తాటాకు, కట్లకు కొబ్బరి పీచు తాడు. ఇవన్నీ డెల్టాలో సైకిలు దూరంలో దొరుకుతాయి. వెదురు మూడేళ్లకు తక్కువ వయసుదైతే త్వరగా పుచ్చుతుంది, ఎండుతూ బాగా ముడుచుకుంటుంది. పచ్చి వెదురు మీద ఈ రోజు గట్టిగా వేసిన కట్టు నాలుగో రోజుకు వదులవడానికి కారణం అదే. బరువు మోసే ప్రతి కట్టూ కణుపుకు దగ్గరగా పడేలా చూసుకోండి. రెండు కణుపుల మధ్య బోలుగా ఉన్నచోట బరువు పడితే వెదురు నలుగుతుంది.

కట్టు వేయడం చదివితే రాదు, కాబట్టి నేను చూసినది చెబుతాను. మా దగ్గరికి వచ్చే మేస్త్రీ పీచుతాడును ముందురోజు రాత్రే నీళ్లలో నానబెడతాడు, మెత్తబడితే ముడి బాగా కూర్చుంటుందని. తాడు ఒక కొసను కాలి బొటనవేలి కింద తొక్కిపెట్టి, నిలువు కర్రనూ అడ్డకర్రనూ కలిపి మూడు చుట్లు వేస్తాడు. ప్రతి చుట్టుకూ చేతులతో కాకుండా ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగుతాడు. విద్యార్థులు అక్కడితో ముడి వేసేస్తారు. అతను ముడి వేయడు. అదే తాడును రెండు కర్రల మధ్య సందులోంచి, వేసిన చుట్లకు అడ్డంగా, మరో రెండుసార్లు తిప్పుతాడు. అప్పుడు మొదటి చుట్లు నడుము బిగించినట్టు బిగుసుకుంటాయి. చివరగా జానెడు పుల్ల దూర్చి మెలిపెట్టి, పుల్ల కొసను కర్రకు కట్టేస్తాడు. నాలుగు రోజుల తర్వాత కట్టు వదులైతే పుల్లను మరో అర మెలిక తిప్పితే చాలు. విప్పేటప్పుడు పుల్ల లాగేస్తే చాలు. ఆ అడ్డపు చుట్లు లేని కట్టును నేను లెక్కలోకి తీసుకోను.

చట్రంలో ప్రతి పక్కా ఒక ఐమూల కర్ర (ఒక మూల నుంచి ఎదుటి మూలకు వాలుగా కట్టేది) తప్పనిసరి. అది చూపుకు అడ్డమని తీసేసే విద్యార్థి ప్రతి బ్యాచిలోనూ ఉంటాడు. తీసేయనివ్వండి, చట్రాన్ని ఒక్క చేత్తో తోయమనండి, మళ్లీ అతనే తెచ్చి కడతాడు. కళాశాల ఆవరణలోనే ఈ ప్రయోగం జరిగిపోవాలి కనుక స్థలానికి వెళ్లే ముందు పూర్తి కొలతలతో ఒకసారి కట్టి, విప్పి, రెండింటికీ పట్టిన సమయాన్ని రాసుకోండి. కర్రల మీద రంగుతో అంకెలు వేయండి. కర్రలను మాత్రం కోయవద్దు. చూరు బయటికి నాలుగు జానలు పొడుచుకొచ్చినా ఫరవాలేదు, కోసిన కర్రను మళ్లీ ఎవరూ తీసుకోరు.

కప్పు, నిప్పు

పట్టా (టార్పాలిన్) కప్పు వేస్తే వాలు బాగా ఉండాలి, అడుగున వెదురు దబ్బలు దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకసారి మా కప్పు నడుమ పట్టా కొద్దిగా జారి గుంత పడింది. రాత్రి కురిసిన అకాల వర్షం అక్కడ నిలిచింది. రెండు మీటర్ల చదరంలో సగటున పది సెంటీమీటర్ల లోతు నీరు నిలిస్తే 400 కిలోలు. తెల్లారేసరికి రెండు వాసాలు విరిగి, పట్టా చిరిగి, కింద ఆరబెట్టిన మోడళ్లన్నీ బురదలో ఉన్నాయి. ఆ సమయంలో కింద ఎవరూ పడుకోకపోవడం మా అదృష్టం. తాటాకు, కొబ్బరాకు కప్పులకు వాలు దాదాపు 45 డిగ్రీలు లేకపోతే కారుతాయి.

ఎండిన ఆకు కప్పుకు అసలు శత్రువు నిప్పు. పందిళ్లు, తాత్కాలిక నిర్మాణాలలో అగ్ని జాగ్రత్తల కోసం ఐ.ఎస్. 8758 అనే ప్రమాణం ఉంది. అర్జీ రాసే ముందే చదవండి. కింద వంట, బీడీ, దీపపు ప్రమిద, అతుకులు వేసిన వైరు ఏవీ ఉండకూడదు. రెండు వైపులా బయటికి దారి ఉండాలి, ఇసుక, నీళ్ల బకెట్లు కంటికి కనిపించే చోట ఉండాలి. ఆకు కట్టలను పేర్చి రెండు రోజులైతే చాలు, కింద తేళ్లూ పాములూ చేరతాయి; కర్రతో కదిపి చూడకుండా చెయ్యి పెట్టవద్దు.

జనం వాడకం

మీరు వేసింది పుస్తకాలు చదువుకునే మంటపమని బోర్డు పెట్టినా, ఊరు దాన్ని తన అవసరానికే వాడుకుంటుంది. మొదటి రోజే ఐమూల కర్రకు తడి చీర ఆరేస్తారు, రెండో రోజు నీడన మోటారు సైకిలు పెడతారు, మూడో రోజు రాటకు గేదెను కట్టేస్తారు. గేదె ఒక్కసారి మెడ విదిలిస్తే మూల రాట కదిలిపోతుంది. దీనికి కోపగించుకోవడం కంటే పక్కన విడిగా ఒక గుంజ పాతి పెట్టడం తెలివైన పని. పిల్లలు ఎక్కుతారు, అందుకని మోకాలి ఎత్తు నుంచి తలదాకా అడ్డకర్రలు నిచ్చెనలా కుదరకుండా చూడండి. చూరు ఎత్తును మనిషి తలకు సరిపెట్టవద్దు, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడమనిషి వంగకుండా దాటాలి. అరుగు ఎత్తు 40 నుంచి 45 సెంటీమీటర్లు ఉంటే ముసలివారు లేవడానికి ఇబ్బంది పడరు.

విప్పే రోజు

కప్పు ముందు, తర్వాత వాసాలు, తర్వాత అడ్డకర్రలు, ఐమూల కర్రలు చివరిదాకా ఉండి, ఆఖరున రాటలు. బయటివారిని తాడు కట్టి దూరంగా ఉంచాలి, ఎందుకంటే కట్టే రోజు కంటే ఈ రోజే దెబ్బలు ఎక్కువ తగులుతాయి. అందరూ అలసి, ఇంటికెళ్లే తొందరలో ఉంటారు. కోయని సరుగుడు కర్రలు అరటి తోటల్లో గెలలు వేసిన చెట్లకు ఊతంగా పనికొస్తాయి. రావులపాలెం వైపు రైతులతో ముందే మాట్లాడి పెట్టుకుంటే వారే బండి తెచ్చుకుంటారు. వెదురు, తడికలు కడియం నర్సరీలలో నీడ పందిళ్లకు అడుగుతారు. అద్దెకు తెచ్చినవి లెక్క ప్రకారం తిరిగి ఇచ్చి రసీదు తీసుకోండి. సంచుల్లోని ఇసుకను ఎక్కడి నుంచి తెచ్చారో అక్కడికే చేర్చండి, రోడ్డు మీద కుమ్మరించవద్దు.

మొదలుపెట్టక ముందు తీసిన ఫొటోను చేతిలో పట్టుకుని, అదే చోట నిలబడి, నేలంతా ఒకసారి నడవండి. తాడు ముక్కలు, తీగ కొసలు, అరగజం పట్టా పీలికలు ఏరండి. రాట గుంతలను మట్టితో నింపి, నీళ్లు పోసి, దిమ్మిసతో కొట్టి, మర్నాడు ఉదయం అధికారి దగ్గరికి స్థలం అప్పగించిన కాగితం తీసుకువెళ్లే ముందు మళ్లీ ఒకసారి చూసి, కుంగిన చోట మరో రెండు తట్టల మట్టి వేయండి.